ఊరు కాని ఊళ్లో మన జట్టు వెంట

అవే మ్యాచ్‌కు వెళ్లడం సరదానే. ఆ ప్రయాణాన్ని మీరే నడిపిస్తే మాత్రం అది పని. ఆ పని ఇంటర్వ్యూ గదిలో కూడా మాట్లాడుతుంది.

2023-24 ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 22 మ్యాచ్‌లు ఆడింది. గెలిచింది ఒక్కటే. అది కూడా గచ్చిబౌలిలో కాదు, చెన్నైలో. 2024 మార్చిలో చెన్నయిన్ ఎఫ్‌సీని వాళ్ల సొంత మైదానంలో 1-0తో ఓడించింది. అంటే ఆ సీజన్ అంతా గచ్చిబౌలి స్టేడియానికి క్రమం తప్పకుండా వచ్చిన అభిమానికి ఒక్క గెలుపు కూడా కంటపడలేదు. గెలుపు చూసింది బ్యాగు సర్దుకుని చెన్నై వెళ్లినవాళ్లే.

‘టీవీలో వస్తుంది కదరా, అంత దూరం ఎందుకు?’ అని ఇంట్లో అడుగుతారు. సబబైన ప్రశ్నే. మీరు డిగ్రీ చివరి ఏడాదిలోనో, బీటెక్ అయ్యి ఉద్యోగం వెతుక్కుంటూనో ఉంటే ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపిస్తుంది. దానికి మీ దగ్గర సరైన జవాబు ఉండాలి. ‘మా జట్టు అంటే పిచ్చి’ అంటే సరిపోదు.

అవే మ్యాచ్ అంటే...

లీగ్‌లో ప్రతి జట్టుకూ ఒక సొంత మైదానం ఉంటుంది. అక్కడ ఆడితే హోమ్ మ్యాచ్, ప్రత్యర్థి ఊరికి వెళ్లి ఆడితే అవే మ్యాచ్. స్టేడియంలో వేలమంది అవతలి జట్టు వైపు అరుస్తుంటే, ఓ మూలన ఉన్న వంద మందో, యాభై మందో మన ఆటగాళ్ల పేర్లు పిలుస్తుంటారు. ఆ కొద్దిమందిలో ఒకరు కావడమే అవే అభిమాని పని.

భారత్‌లో ఈ సంస్కృతికి ఊపు తెచ్చింది అభిమాన సంఘాలే. బెంగళూరు ఎఫ్‌సీకి వెస్ట్ బ్లాక్ బ్లూస్, కేరళ బ్లాస్టర్స్‌కు మంజప్పడ, హైదరాబాద్ ఎఫ్‌సీకి డెక్కన్ లీజియన్ అలా వచ్చినవే. బయటివారికి వీటిలో డప్పులు, బ్యానర్లే కనిపిస్తాయి. లోపల టికెట్లు తీసేవారు, డబ్బు లెక్క చూసేవారు, పోలీసులతో మాట్లాడేవారు, తప్పిపోయినవాడికి ఫోన్ చేసేవారు ఉంటారు. మ్యాచ్ రోజు వీళ్లలో కొందరికి ఆట చూసే తీరిక కూడా ఉండదు.

మన ఊరి కథ కూడా తెలుసుకోండి

ఫుట్‌బాల్ హైదరాబాద్‌కు కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ టోర్నీ జరిగేది బొంబాయిలో. అంటే అయిదు సార్లూ పరాయి ఊళ్లోనే! ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక మన తరం సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో మొదలైంది. కొవిడ్ వల్ల 2021-22 సీజన్‌ను గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా నడిపారు. 2022 మార్చి 20న మడ్గావ్‌లోని ఫటోర్డా స్టేడియంలో జరిగిన ఫైనల్‌కు మాత్రం గేట్లు తెరిచారు. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. కేరళ నుంచి జనం తరలివచ్చారు. గ్యాలరీలన్నీ పసుపే. తమాషా ఏమిటంటే, ఆ రోజు మైదానంలో పసుపు జెర్సీ వేసుకుంది మాత్రం హైదరాబాద్ జట్టు. రెండు జట్ల రంగూ పసుపే కావడంతో కేరళ వేరే జెర్సీతో ఆడాల్సి వచ్చింది.

68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపాడు. 3-1తో ట్రోఫీ హైదరాబాద్‌ది.

ఆ తర్వాత రెండేళ్లకే పరిస్థితి తలకిందులైంది. జీతాల బకాయిలు వచ్చాయి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొత్తవారిని తీసుకోకుండా నిషేధం పడింది. 2023-24లో జట్టు 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. చెన్నై గెలుపు ఆ సీజన్‌లోదే. 2025 అక్టోబరులో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఇన్నాళ్లూ జట్టు వెంట ఊళ్లు తిరిగినవారిని వదిలేసి జట్టే ఊరు దాటింది.

ఈ కథ ఇక్కడ ఎందుకంటే, జట్టు మీ చేతుల్లో ఉండదు. ఫలితం మీ చేతుల్లో ఉండదు. కంపెనీ కూడా అంతే. మీరు ఎంత మనసు పెట్టి పనిచేసినా రేపు అది మూతపడొచ్చు, మరో ఊరికి మారిపోవచ్చు. మీ దగ్గర మిగిలేది మీరు చేసిన పని, దాన్ని కలిసి చేసిన మనుషులు. అందుకే ప్రయాణాన్ని సరదాగా మాత్రమే చూడకండి. ఎలా నడపాలో నేర్చుకోండి.

16 మంది, 3 పీఎన్ఆర్‌లు

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ నుంచి 16 మంది మిత్రులు బెంగళూరులో మ్యాచ్‌కు వెళ్దామనుకున్నారు. దారి దాదాపు 570 కిలోమీటర్లు. బాధ్యత మీది. ఎక్కడ మొదలుపెడతారు?

తేదీ: ముందు లీగ్ షెడ్యూల్ చూడండి. పక్కనే మీ పరీక్షల పట్టిక, ప్లేస్‌మెంట్ డ్రైవ్ తేదీలు పెట్టుకోండి. రైల్వేలో ముందస్తు రిజర్వేషన్ గడువు ఇప్పుడు 60 రోజులు. షెడ్యూల్ వచ్చిన రోజే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే సీట్లు దొరుకుతాయి. మ్యాచ్ తేదీలు మారడం మన దేశంలో మామూలే. కాబట్టి రద్దు చేసుకుంటే ఎంత పోతుందో కూడా ముందే చూసుకోండి.

టికెట్లు: ఐఆర్‌సీటీసీలో ఒక టికెట్ మీద గరిష్ఠంగా ఆరుగురికే బుక్ అవుతుంది. 16 మందికి 6, 6, 4 చొప్పున మూడు పీఎన్ఆర్‌లు కావాలి. ఒక్కో పీఎన్ఆర్‌కు ఒక బాధ్యుడిని పెట్టండి. తన టికెట్ మీద ఉన్నవారు రైలెక్కారో లేదో చూడటం, ఒరిజినల్ గుర్తింపు కార్డు దగ్గరుంచుకోవడం అతని పని. తత్కాల్‌ను నమ్ముకోవద్దు. దానిలో ఒక టికెట్‌పై నలుగురికే అవకాశం. పైగా ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆధార్ ధ్రువీకరణ కూడా తప్పనిసరి. చార్ట్ అయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉన్న ఈ-టికెట్ దానంతటదే రద్దవుతుంది. దాంతో రైలెక్కకూడదు.

డబ్బు: లెక్క కోసం ఒక్కొక్కరికి రైలు రానుపోను 1,000, మ్యాచ్ టికెట్ 400, తిండి 500, ఊళ్లో తిరగడానికి 200, అనుకోని ఖర్చుకు 300 రూపాయలు అనుకుందాం. మొత్తం 2,400. 16 మందికి 38,400 రూపాయలు. చిన్న మొత్తం కాదు. అందులో ప్రతి రూపాయీ ఇంకొకరిది.

ఇప్పుడు అసలు చిక్కు. మూడు రోజుల ముందు ఇద్దరు ఫోన్ చేసి ‘మామా, ఈసారికి రాలేం రా’ అంటారు. మీరు అప్పటికే వాళ్లకూ రైలు, మ్యాచ్ టికెట్లు తీశారు. ఇద్దరివీ కలిపి 2,800. అది తిరిగి రాకపోతే మిగతా 14 మంది తలా 200 రూపాయలు భరించాలి. వాళ్లెందుకు భరిస్తారు? అక్కడే గొడవ మొదలవుతుంది, స్నేహం చెడుతుంది. అందుకే నియమం మొదటి రోజే చెప్పండి: డబ్బు ఇచ్చాకే టికెట్. తప్పుకుంటే ఖర్చయిపోయింది తిరిగి ఇవ్వం, ఖర్చు కానిది ఇస్తాం. దీన్ని గ్రూపులో రాసి, అందరూ ‘సరే’ అన్నాకే ముందుకు వెళ్లండి. నోటిమాట మీద నడిపితే చివరికి మీ జేబుకే చిల్లు.

చోటు: స్టేడియం ఎక్కడుందో మ్యాప్‌లో చూసుకోండి. బెంగళూరు శ్రీకంఠీరవ స్టేడియం నగరం నడిబొడ్డునే ఉంది, కబ్బన్ పార్క్ మెట్రో దగ్గర్లోనే. చెన్నై జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం సెంట్రల్ స్టేషన్‌కు దగ్గర. కొచ్చి కలూర్ స్టేడియానికైతే దాని పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. సాయంత్రం 7.30కి మొదలయ్యే మ్యాచ్ 9.30 దాకా సాగుతుంది. ఆ జనంలోంచి బయటపడటానికి ఇంకో అరగంట, ముప్పావు గంట. తిరుగు రైలు పది గంటలకు పెట్టుకుంటే పరుగులే.

గ్యాలరీలో గుర్తుంచుకోవాల్సినవి

మ్యాచ్ టికెట్ కొనే ముందు బయటి జట్టు అభిమానులకు వేరే స్టాండ్ ఇచ్చారేమో కనుక్కోండి. ఇస్తే అందులోనే కూర్చోండి. ప్రత్యర్థి అభిమానుల మధ్య మన జెర్సీ వేసుకుని గోల్‌కు గంతులేయడం ధైర్యం కాదు. నీళ్ల సీసాలు, నాణేలు, పవర్ బ్యాంకుల్లాంటివి చాలా చోట్ల లోపలికి రానివ్వరు. డప్పులకు, పెద్ద బ్యానర్లకు ముందే అనుమతి అడగండి. గేటు దగ్గర వాదించి లాభం లేదు.

బృందంలో అమ్మాయిలు ఉంటే తిరుగు ప్రయాణం ఎలా, బస ఎక్కడ అన్నది వాళ్లతో కలిసి నిర్ణయించండి. వాళ్ల తరఫున మీరే ‘ఏం కాదులే’ అనేయొద్దు. బయల్దేరే ముందు అందరి ఇంటి నంబర్లూ ఒకరి దగ్గర ఉండాలి.

బైకులపై రాత్రంతా వందల కిలోమీటర్లు వెళ్లే సాహసం అసలే వద్దు. 2022 ఫైనల్ చూడటానికి బైక్‌పై గోవా బయల్దేరిన ఇద్దరు కేరళ యువకులు కాసరగోడ్ జిల్లాలో ప్రమాదంలో చనిపోయారు. జనం అదుపు తప్పితే ఏమవుతుందో కోల్‌కతా చూసింది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో 16 మంది అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. ఇళ్ల నుంచి ఆట చూడ్డానికే వచ్చారు వాళ్లు.

ఈ మూడు గీతలు దాటొద్దు

ఉద్యోగం వెతుకుతున్నవారికి అవే ప్రయాణంలో మూడు ప్రమాదాలున్నాయి.

ఒకటి, తేదీ. సోమవారం ఉదయం ఇంటర్వ్యూ ఉంటే ఆదివారం రాత్రి మ్యాచ్‌కు వెళ్లొద్దు. ‘పొద్దున ఆరింటికల్లా దిగిపోతాంలే’ అని రైలును నమ్ముకోవద్దు. రైలు సమయానికే వచ్చినా నిద్రలేని కళ్లు, బొంగురుపోయిన గొంతు మీతోనే వస్తాయి. ఇలాంటప్పుడు బృందాన్ని ఇంకొకరికి అప్పగించి ఆగిపోవడం కూడా నాయకత్వమే.

రెండు, అప్పు. సంపాదన మొదలుకాక ముందు లోన్ యాప్‌లో డబ్బు తీసి మ్యాచ్‌కు వెళ్లడం తప్పు లెక్క. నెలకింత పక్కన పెట్టి, ఏడాదికి రెండు ప్రయాణాలు చాలనుకోండి. గ్రూపులో స్కోరు మీద పందేలు మొదలైతే వెంటనే ఆపేయండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు ముందే నిషేధం పెట్టాయి, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది.

మూడు, కేసు. ఇదే అన్నిటికన్నా బరువైనది. గేటు బయట రెండు నిమిషాల తోపులాట ఎఫ్ఐఆర్‌ దాకా వెళ్లొచ్చు. ప్రభుత్వ ఉద్యోగానికి నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టులు, కేసుల గురించి అడుగుతారు. పాస్‌పోర్టుకు పోలీసు విచారణ ఉంటుంది. ప్రైవేటు కంపెనీలూ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. పక్క స్టాండ్‌లో ఎవడో తిట్టాడని మీ అయిదేళ్ల చదువును పణంగా పెట్టకండి. రెచ్చగొడితే తల తిప్పుకుని నడవండి. బృందంలో ఆవేశపరుడు ఎవరో మీకు ముందే తెలుసు. వాడి పక్కన నెమ్మదస్తుణ్ని కూర్చోబెట్టండి.

రెజ్యూమెలో ఎలా చెప్పాలి?

చాలామంది హాబీల కింద ‘ఫుట్‌బాల్ చూడటం’ అని రాస్తారు. చదివినవారికి దానివల్ల తెలిసేదేమీ లేదు. ఇలా రాసి చూడండి: ‘16 మంది బృందానికి బెంగళూరు మ్యాచ్ ప్రయాణం ఏర్పాటు చేశాను. 38,400 రూపాయల బడ్జెట్‌ను నిర్వహించాను. ఇద్దరు చివర్లో తప్పుకున్నా ముందే పెట్టుకున్న నియమం వల్ల మిగతావారిపై భారం పడలేదు. మిగిలిన డబ్బు ఖర్చుల పట్టీతో సహా మర్నాడే తిరిగి ఇచ్చాను.’

ఇందులో గొప్పలు లేవు. ఎంతమంది, ఎంత డబ్బు, ఏ ఇబ్బంది, మీరేం చేశారు అన్నవే ఉన్నాయి. ‘ఒత్తిడిలో నిర్ణయం తీసుకున్న సందర్భం చెప్పండి’, ‘బృందంలో గొడవ వస్తే ఏం చేశారు?’ లాంటి ప్రశ్నలకు ఇక్కడి నుంచే జవాబు దొరుకుతుంది. ఉద్యోగ అనుభవం లేని ఫ్రెషర్‌కు ఇలాంటి సొంత ఉదాహరణ ఉంటే బట్టీపట్టిన జవాబు అక్కర్లేదు.

కానీ ఒక జాగ్రత్త. చేయని పని చెప్పకండి. ఎవరో ఏర్పాటు చేసిన బస్సులో కూర్చుని వెళ్లొచ్చి ‘నేనే నడిపించా’ అంటే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ‘డబ్బు ఎలా వసూలు చేశారు? ఎవరైనా ఇవ్వకపోతే?’ అని అడిగితే చేసినవాడు తడుముకోడు. మీరు చేసింది ఒక పీఎన్ఆర్ చూసుకోవడమే అయితే అదే చెప్పండి. ఆరుగురి బాధ్యత కూడా బాధ్యతే.

జట్టు పేరు చెప్పేటప్పుడూ కాస్త చూసుకోండి. ఎదుటివారు అవతలి జట్టు అభిమాని కావచ్చు! నవ్వుతూ మాట్లాడగలిగితే అదీ మంచిదే.

ఈ రంగంలోనే ఉద్యోగం కావాలంటే

క్లబ్బుల్లో టికెటింగ్, మ్యాచ్ రోజు నిర్వహణ, మీడియా, స్పాన్సర్లతో వ్యవహారాలు, అభిమానులతో సంబంధాలు వంటి పనులుంటాయి. ఐరోపాలో యూఈఎఫ్ఏ లైసెన్సు కావాల్సిన క్లబ్బులు 2012-13 నుంచి అభిమానులకూ క్లబ్బుకూ మధ్య వారధిగా ఒక సపోర్టర్ లైజన్ ఆఫీసర్‌ను పెట్టుకోవాలి. అభిమానిగా తిరిగిన అనుభవం నేరుగా అక్కరకొచ్చే ఉద్యోగం అది.

మన దగ్గర స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సులున్నాయి. కోల్‌కతాలోని ఐఐఎస్‌డబ్ల్యూబీఎం, గ్వాలియర్‌లోని ఎల్ఎన్ఐపీఈ, పుణెలోని సింబయాసిస్ లాంటి సంస్థలు వీటిని నడుపుతున్నాయి. చేరే ముందు ఫీజు ఎంత, కిందటి బ్యాచ్‌లో ఎంతమందికి ఎక్కడ ఉద్యోగాలు వచ్చాయి అన్నది తప్పక అడగండి. భారత ఫుట్‌బాల్‌లో ఉద్యోగాలు తక్కువ, భద్రత అంతకన్నా తక్కువ. హైదరాబాద్ క్లబ్ కథ చదివారుగా! అందుకని మీ ప్రధాన చదువును వదిలి దీని మీదే ఆధారపడొద్దు. ముందు మీ నగరంలో జరిగే టోర్నీలో వాలంటీర్‌గా చేయండి. హైదరాబాద్‌లో 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుది దశ జరిగాయి. ఇలాంటి పోటీల వెనక పని ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూస్తే ఈ రంగం మీకు సరిపోతుందో లేదో తెలుస్తుంది.

బ్రిటన్‌కు వెళ్లేవారికి

అక్కడికి ఎంఎస్‌కు వెళ్తూ ‘ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లన్నీ చూసేస్తా’ అనుకునేవారు ఒకసారి ఆగండి. ప్రీమియర్ లీగ్‌లో బయటి జట్టు అభిమానులకు ఇచ్చేది 3,000 సీట్లు లేదా స్టేడియం సామర్థ్యంలో 10 శాతం, ఏది తక్కువైతే అది. ధర 2016-17 నుంచి 30 పౌండ్లు దాటకూడదన్న పరిమితి ఉంది. అందుకే పోటీ ఎక్కువ. పెద్ద క్లబ్బులు ఏళ్ల తరబడి వెంట తిరిగినవారికే ముందు ఇస్తాయి. కొత్తగా దిగిన విద్యార్థికి కింది డివిజన్ల మ్యాచ్‌లే సులువు, చవక కూడా. డిగ్రీ, పీజీ విద్యార్థి వీసాపై చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. మ్యాచ్‌ల ఖర్చు ఆ సంపాదనలోనే సర్దుకోవాలి తప్ప, గంటలు పెంచుకుందామని వీసా నిబంధన దాటొద్దు.

మొదటి ప్రయాణం చిన్నదే పెట్టుకోండి

హైదరాబాద్ క్లబ్ తరలిపోయాక తెలుగువాళ్లకు సూపర్ లీగ్‌లో ప్రతి మ్యాచూ ఇప్పుడు అవే మ్యాచే. తిరుపతి, నెల్లూరువాళ్లకు చెన్నై దగ్గర, అనంతపురం, కర్నూలువాళ్లకు బెంగళూరు దగ్గర. మొదటిసారే 16 మందిని పోగేయకండి. నలుగురితో, పగటిపూట వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ప్రయాణంతో మొదలుపెట్టండి.

వచ్చిన మర్నాడు ఒక కాగితం తీసుకోండి. ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఆలస్యమైంది, ఎవరికి ఇబ్బంది కలిగింది, ఈసారి ఏం మార్చాలి... అయిదు వాక్యాలు రాయండి. దాన్ని గ్రూపులో పెట్టండి. రెండో ప్రయాణానికి ముందు మళ్లీ చదవండి.

ఇక ‘అంత దూరం ఎందుకురా?’ అని అమ్మ అడిగితే ఆ కాగితం చూపించండి. మ్యాచ్ ఓడిపోయి ఉన్నా సరే.